మైలు ఎత్తున పచ్చిక బయలు

ఫిబ్రవరి మాసం. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్ నగరంలో ఒక గృహస్థుడు ఉన్ని కోటు తొడుక్కుని, రబ్బరు గొట్టం చేతబట్టుకుని, ఇంటి ముంగిట ఎండుగడ్డి రంగులో పడివున్న పచ్చికకు నీళ్లు పెడుతున్నాడు. వీధికి ఆవలి పక్క, ఇళ్ల నీడపట్టున, ఎప్పుడో పడిన మంచు ఇంకా కరగక రాయిలా బిగుసుకుని ఉన్నది. ఊరికి కొత్తగా వచ్చినవారెవరైనా ఈ దృశ్యం చూస్తే ఆయనకు మతి చలించిందేమోనని అనుమానిస్తారు. చచ్చిన గడ్డికి, అందులోనూ చలికాలంలో, నీళ్లెందుకు?

ఆయన మతి నిక్షేపంగా ఉన్నది. ఆ గడ్డి చావలేదు, నిద్రపోతున్నది. గడ్డకట్టించే చలిని అది తట్టుకోగలదు. తట్టుకోలేనిది దాహం. చలికాలంలో దాహమేమిటన్న ప్రశ్నకు సమాధానం తెలిసిన నాడే చలిగా, పొడిగా ఉండే ఆ ప్రాంతంలో పచ్చిక పెంచే విద్యలో సగం పట్టుబడినట్లు లెక్క. మిగిలిన సగం అంతకంటె కష్టమైనది. ఎంత పచ్చదనంతో తృప్తిపడాలో ఇంటివారు నేర్చుకోవడం అది.

డెన్వర్ నగరం సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్నది. అంటే సరిగ్గా ఒక మైలు. రాష్ట్ర శాసనసభా భవనం మెట్లలో ఒకదానిపై ఆ సంగతి చెక్కి ఉంటుంది. ఊరికి పడమట రాకీ పర్వతాలు గోడ కట్టినట్లు నిలుచుంటాయి. పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే మేఘాలు తమ తేమలో అధికభాగాన్ని ఆ పర్వతాల మీద, వాటి పడమటి వాలుల మీద మంచుగా కురిపించి, చేతులు దులుపుకుని తూర్పు దిక్కుకు వస్తాయి. అందువల్ల డెన్వర్‌కు దక్కే వాన, కరిగిన మంచుతో కలిపి, ఏడాది మొత్తానికి 14, 15 అంగుళాలకు మించదు. మిల్లీమీటర్ల లెక్కన 370కి కాస్త అటూ ఇటూ. కరవుసీమకు మారుపేరైన మన అనంతపురం ప్రాంతం కూడా ఇట్లాంటి వర్షచ్ఛాయలోనిదే. అయినా అక్కడ సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వరకు వర్షం పడుతుంది. అంటే, అనంతపురం రైతు చూసి నిట్టూర్చే వానకంటె తక్కువ వానతో, శీతాకాలపు రాత్రులలో సున్నాకు 20 డిగ్రీల కిందికి జారే చలిలో, వేసవిలో 35 డిగ్రీలు దాటే ఎండలో, ఇంగ్లండు తోటలలోని పచ్చని తివాచీ వంటిది పెంచాలని డెన్వర్ పౌరుడు పూనుకున్నాడన్న మాట.

ఈ కోరిక పుట్టిన చోటు ఇంగ్లండే. అక్కడ ఆకాశమే తోటమాలి. ఏడాది పొడుగునా సన్నగా కురిసే వాన, మబ్బుల నీడ, అతిగా పోని చలి, అన్నీ గడ్డికి అనుకూలమే. పద్దెనిమిదవ శతాబ్దంలో లాన్సిలాట్ బ్రౌన్ అనే ఉద్యానశిల్పి జమీందారుల భవనాల గుమ్మం దాకా పచ్చిక బయళ్లు పరచి పేరు తెచ్చుకున్నాడు. వాటిని పొట్టిగా ఉంచడానికి గొర్రెలు కావలె, లేదా కొడవళ్లు పట్టిన కూలీలు కావలె. కనుక పచ్చిక సిరిసంపదలకు గుర్తు అయింది. 1830లో గ్లాస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్, ఉన్ని బట్టల మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డి కోసే యంత్రాన్ని తయారుచేశాడు. దానితో జమీందారు సొత్తు సామాన్య గృహస్థుని అందుబాటులోకి వచ్చింది. 1870లో అమెరికాలో ఫ్రాంక్ జె. స్కాట్ అనే ఆయన ఇళ్ల ఆవరణలను తీర్చిదిద్దడం గురించి ఒక గ్రంథం వ్రాసి, ఇంటి ముందరి పచ్చికను ప్రహరీలతో మూసివేయడం ఇరుగుపొరుగువారి పట్ల అమర్యాద అని బోధించాడు. నాటి నుండి ఇంటి ముందరి గడ్డి ఇంటివాని సొంత విషయంగా ఉండడం మానివేసింది. అది వీధి మొత్తానికి చెందిన పరువు మర్యాదల వ్యవహారమైంది.

వాన పడే తూర్పు రాష్ట్రాలలో ఈ మర్యాద చెల్లింది. పడమటికి పోయేకొద్దీ సంకటం మొదలైంది. 1820లో సైన్యం తరఫున ఆ మైదానాలను పరిశీలించిన స్టీఫెన్ లాంగ్ బృందం వాటిని పటంలో 'మహా ఎడారి'గా గుర్తించింది. 1878లో జాన్ వెస్లీ పవెల్ ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో ఏటా 20 అంగుళాల వాన లేని చోట పారుదల లేకుండా సేద్యం నమ్మదగినది కాదని స్పష్టంగా చెప్పాడు. డెన్వర్ ఆ గీతకు చాలా దిగువన ఉన్నది. కాని 1858లో బంగారం కోసం వచ్చి ఊరు కట్టుకున్నవారికి చెట్టూ చేమా లేని ఆ నేల దిగులు పుట్టించింది. 1867 నాటికే ప్లాట్ నది నుండి కాలువ తవ్వి ఊరిలోకి నీరు తెచ్చారు. ఆ కాలువ ఒడ్డున చెట్లు వెలిశాయి, చెట్ల కింద పచ్చిక వెలిసింది. ఎడారిని జయించామన్న గర్వం దానితో పాటే మొలకెత్తింది.

ఆ పచ్చిక కోసం వారు ఎంచుకున్న గడ్డి పేరు కెంటకీ బ్లూగ్రాస్. పేరులోని రెండు మాటలూ పేచీ పెట్టేవే. ఆ గడ్డి కెంటకీలో పుట్టినది కాదు, యూరపు నుండి వలసదారులతో వచ్చి అక్కడ స్థిరపడింది. రంగు కూడా నీలం కాదు, ముదురు ఆకుపచ్చ. అయినా చలిదేశపు పచ్చికకు దానిని మించినది దొరకడం కష్టం. నేల అడుగున సన్నని వేరుకాండాలు అల్లుకుంటూ పోవడం వల్ల ఎక్కడైనా తెగినా, చిరిగినా తనంత తానే పూడ్చుకుంటుంది. పిల్లలు ఆడుకున్నా, కుక్కలు తవ్వినా కోలుకుంటుంది. ఎంత చలిలోనైనా దాని మొదలు బతికి ఉంటుంది.

మన ఇళ్ల ముందరి పచ్చికలన్నీ చాలావరకు గరికే. వినాయకుని పూజకు కోసే ఈ గరికనే పాశ్చాత్యులు బెర్ముడా గ్రాస్ అంటారు. అది ఎండలో పుట్టి ఎండలో పెరిగే జాతి. ఉష్ణోగ్రత 30 డిగ్రీల ప్రాంతంలో ఉంటే దానికి పండుగ. డెన్వర్ వంటి చోట గరికను నమ్ముకోవడం కష్టం. ఒక్క కఠినమైన శీతాకాలంతో మడులు మడులుగా చచ్చిపోవచ్చు. బ్లూగ్రాస్ తీరు వేరు. వసంతంలోనూ, ఆకురాలు కాలంలోనూ, 15 నుండి 24 డిగ్రీల మధ్య అది ఉత్సాహంగా పెరుగుతుంది. నడివేసవిలో నీరు చాలకపోతే ఆకులను ఎండబెట్టుకుని నిద్రకు ఉపక్రమిస్తుంది. మళ్లీ చల్లబడి నీరు అందగానే లేస్తుంది. అంటే ఏడాదిలో రెండుసార్లు, చలికి ఒకసారి, ఎండకు ఒకసారి, నిద్రపోవడం దాని స్వభావం. చలికాలపు నిద్రను ఎవరూ ఆక్షేపించరు. వేసవి నిద్రను మాత్రం ఇంటివారు సహించలేరు. పక్కింటి పచ్చిక పచ్చగా ఉండి తమది గోధుమరంగుకు తిరగడం వారికి తలవంపులుగా తోస్తుంది. నగరానికి నీటి చిక్కులు తెచ్చిపెట్టినది చాలావరకు ఈ అసహనమే.

పచ్చిక వేయడంలో మొదటి కష్టం నేలది. డెన్వర్ చుట్టుపక్కల నేల చాలాచోట్ల బంకమన్ను. తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. కొత్త ఇళ్ల దగ్గర పరిస్థితి మరీ ఘోరం. పునాదులు తవ్వినప్పుడు అడుగుమన్ను పైకి వస్తుంది, పైమన్ను ఎటో పోతుంది, మిగిలినదానిని బరువైన యంత్రాలు నెలల తరబడి తొక్కుతాయి. అటువంటి నేల మీద గడ్డిచాపలను పరచి, తెల్లవారేసరికి పచ్చదనం సృష్టించే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆ పచ్చదనం చెక్క బల్ల మీద తివాచీ పరచినట్లే. రెండు వేసవులు గడిచేసరికి వేరు దిగక, పడమటి ఎండకు పాచికలు పాచికలుగా మాడిపోతుంది. అనుభవజ్ఞులు ముందుగా ఒక అంగుళం మందాన బాగా మాగిన కంపోస్టు పరచి, దానిని ఆరు అంగుళాల లోతు వరకు మట్టిలో కలియదున్నుతారు. విత్తనం చల్లడానికి వసంతం కంటె ఆగస్టు మధ్య నుండి సెప్టెంబరు మధ్య వరకు గల కాలం మేలు. అప్పుడు నేల వెచ్చగా ఉంటుంది, గాలి చల్లబడుతుంది, కలుపు విత్తనాల జోరు తగ్గుతుంది.

పుస్తకాలు చదివి తోట పెంచేవారు ఇక్కడ పడే పొరపాటు ఒకటి ఉన్నది. తూర్పు రాష్ట్రాల కోసం, ఇంగ్లండు కోసం వ్రాసిన పుస్తకాలలో పచ్చికకు సున్నం చల్లవలెనని ఉంటుంది. వానలు అధికమైన చోట నేల పులుపెక్కుతుంది గనుక ఆ సలహా అక్కడ సబబే. పొడి దేశపు నేల సహజంగానే క్షారగుణం కలది, సున్నం దానిలో ఇదివరకే కావలసినంత ఉన్నది. అందులో ఇంకా సున్నం వేస్తే మట్టిలో ఇనుము ఉన్నా గడ్డికి అందదు. ఆకులు పాలిపోయి పసుపుపచ్చగా తిరుగుతాయి. అది చూసి యజమాని నీరు చాలలేదనుకుని మరింత నీరు పెడతాడు. నీరు నిలిచిన బంకమన్నులో ఇనుము మరింత అందకుండా పోతుంది. ఒక ప్రాంతపు జ్ఞానాన్ని మరొక ప్రాంతానికి అనువదించేటప్పుడు మాట మారితే చాలదు, మట్టి కూడా మారుతుందని గుర్తుంచుకోవలె.

నీటి విషయంలో లెక్క తప్పనిసరి. వెయ్యి చదరపు అడుగుల పచ్చికకు ఒక అంగుళం నీరు పెట్టడమంటే సుమారు 2,360 లీటర్లు పోయడం. పదిహేను లీటర్ల బిందెలతో మోస్తే నూట యాభైకి పైచిలుకు బిందెలు. నిగనిగలాడే బ్లూగ్రాస్ పచ్చిక ఎదిగే ఋతువంతటికీ సుమారు 25 అంగుళాల నీరు తాగుతుంది. అంటే వెయ్యి చదరపు అడుగులకే 59 వేల లీటర్లు. వాన అందులో కొంతభాగాన్ని మాత్రమే తీరుస్తుంది, మిగిలినది కుళాయి తీర్చవలె. గొట్టం తిప్పేసరికి నీరు వచ్చేవారికి ఈ బిందెల లెక్క తట్టదు.

ఎంత పెడుతున్నామో తెలుసుకునే ఉపాయం చాలా తేలికైనది. ఖాళీ డబ్బాలు నాలుగైదు పచ్చిక మీద అక్కడక్కడ ఉంచి, నీరు చిమ్మే యంత్రాన్ని పావుగంట నడిపి, డబ్బాలలో నిలిచిన నీటిని కొలబద్దతో కొలవడమే. ఒక డబ్బాలో అరంగుళం, మరొకదానిలో అడుగు తడిసీ తడవనంత నీరు కనిపించడం మామూలే. అప్పుడు పచ్చికలో మాడిన మచ్చలకు కారణం తెగులు కాదనీ, వంకరపోయిన చిమ్మెన అనీ తెలుస్తుంది. దాహం ఎప్పుడు వేసిందో గడ్డే చెబుతుంది. ఆకులు నీలి బూడిదరంగుకు తిరిగి, నడిచివెళ్లిన పాదముద్రలు లేవకుండా అట్లాగే నిలిచిపోతే నీరు పెట్టవలసిన వేళ అయిందన్న మాట. అంతవరకు ఆగడమే వివేకం. రోజూ కాస్త కాస్తగా తడిపితే వేర్లు పైపొరలోనే తచ్చాడుతాయి. నాలుగు రోజులకొకసారి లోతుగా తడిపితే తేమను వెదుక్కుంటూ కిందికి దిగుతాయి. బంకమన్ను ఒక్కసారిగా నీటిని పీల్చుకోలేదు కనుక పది నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్లీ పెట్టడం అక్కడి వాడుక. వేళ తెల్లవారుజాము. డెన్వర్ నీటి సంస్థ ఏళ్ల తరబడి అమలుచేసిన వేసవి నియమాలు వారానికి మూడు రోజులకు మించి పచ్చికను తడపరాదనీ, ఉదయం 10 నుండి సాయంత్రం 6 వరకు అసలే తడపరాదనీ శాసించాయి. ఎండవేళ పెట్టిన నీటిలో కొంతభాగం గాలికే పోతుంది.

కోత గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. రెండున్నర, మూడు అంగుళాల ఎత్తు ఉంచవలె. ఒక కోతలో ఆకులో మూడవ వంతుకు మించి తీయరాదు. కోసిన గడ్డిని ఊడ్చివేయక అక్కడే వదిలితే అదే ఎరువు. గోల్ఫు మైదానంలా నున్నగా గొరిగించాలన్న ఉబలాటమే చాలా పచ్చికలను ఎండకు బలి ఇచ్చింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, వసంతంలోనో ఆకురాలు కాలంలోనో, బోలు గొట్టాలున్న యంత్రంతో రెండు మూడు అంగుళాల లోతున మట్టికణికెలను పెళ్లగించి నేలకు ఊపిరి పోస్తారు. అప్పుడు పచ్చిక మీద చెల్లాచెదరుగా పడిన ఆ కణికెలు చూడడానికి అసహ్యంగా ఉంటాయి. వాటిని ఏరి పారవేయరాదు. అవే కరిగి మట్టిలో కలుస్తాయి. ఎరువు వేయడానికి ముఖ్యమైన కాలం సెప్టెంబరు. పైన పెరుగుదల మందగించినా అడుగున వేర్లు అప్పుడు చలికాలానికి ఆహారం దాచుకుంటూ ఉంటాయి. వసంతంలో అతిగా వేసిన ఎరువు ఆకుకు బలం, వేరుకు నీరసం.

ఇక చలికాలపు దాహం సంగతి. అక్టోబరులో డెన్వర్ గృహస్థులు భూమిలో పాతిన నీటి గొట్టాలలోకి గాలియంత్రంతో గాలి పంపి నీరంతా ఊదివేయిస్తారు. లేకపోతే మొదటి గట్టి చలికి గొట్టాలు పగిలిపోతాయి. దానితో ఏడాది పని ముగిసిందని తలుపులు వేసుకుంటారు. ప్రమాదం ఆ తరువాతనే. కెనడా మైదానాలలోవలె అక్కడ మంచు నెలల తరబడి దుప్పటిలా కప్పి ఉండదు. పడుతుంది, రెండు మూడు రోజులలో కరుగుతుంది. పర్వతాల మీది నుండి 'చినూక్' అనే గాలి వీస్తుంది. కొండవాలున దిగేకొద్దీ నొక్కుకుపోయి వేడెక్కే ఆ పొడిగాలి కొద్ది గంటలలోనే మంచును ఆవిరిచేస్తుంది. అందుకే దానికి 'మంచుతినే గాలి' అని పేరు. మిగిలిన మంచుతో పాటు గడ్డి మొదళ్లలోని తేమను కూడా అది పీల్చుకుపోతుంది. నేల గడ్డకట్టి ఉండడంతో, లేదా పొడిబారి ఉండడంతో, వేర్లు ఆ నష్టాన్ని పూడ్చలేవు. దక్షిణానికి, పడమరకు వాలిన పచ్చిక మీద, తెల్లగోడల ఎండ తిప్పికొట్టే చోట్ల ఈ దెబ్బ మరీ ఎక్కువ. అటువంటి పొడిచోటనే నల్లి జాతి సూక్ష్మకీటాలు చేరి, మిగిలిన రసాన్ని పీలుస్తాయి. ఏప్రిల్‌లో ఊరంతా పచ్చబడుతుండగా ఆ ముక్క మాత్రం లేవదు. యజమాని దానిని చలి చంపిందని చెప్పుకుంటాడు.

కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయపు వ్యవసాయ విస్తరణ నిపుణులు ఇందుకు చెప్పే వైద్యం స్వల్పమైనది. అక్టోబరు నుండి మార్చి వరకు, మంచు కప్పు లేక పొడిగా గడిచిన నెలలలో ఒకటి రెండుసార్లు నీరు పెట్టవలె. గాలి ఉష్ణోగ్రత 4, 5 డిగ్రీలు దాటిన రోజున, మధ్యాహ్నవేళ పెట్టవలె. రాత్రి గడ్డకట్టేలోగా నీరు ఇంకిపోవడానికి వ్యవధి ఉండవలె. ఫిబ్రవరిలో కోటు తొడుక్కుని గొట్టం పట్టుకున్న మనిషి చేస్తున్నది ఇదే. వేసవిలో పోసే నీటితో పోలిస్తే ఆ నీరు చాలా తక్కువ, కాని పచ్చిక ప్రాణం దానిమీదనే నిలబడిన సంవత్సరాలున్నాయి.

మంచు నిలిచిపోయినచోట కష్టాలు వేరే రకంవి. నీడలో నెలల తరబడి పేరుకున్న మంచు కింద బూజు పట్టి, అది కరిగాక గడ్డి మీద బూడిదరంగు వలయాలు కనిపిస్తాయి. పళ్లకర్రతో మెల్లగా దువ్వి గాలి తగలనిస్తే చాలావరకు కోలుకుంటుంది. మంచు పొర అడుగున ఒక జాతి చిట్టెలుకలు గడ్డిని కొరుక్కుంటూ దారులు వేసుకుంటాయి. మంచు తొలగిన నాడు పచ్చికమీద ఎవరో పటం గీసినట్లు ఆ దారులన్నీ బయటపడతాయి. పిల్లలకు అది వేడుక, పెద్దలకు తలనొప్పి. బ్లూగ్రాస్‌కు మాత్రం అది లెక్కలోనిది కాదు. మే నెలకల్లా అల్లుకుపోతుంది.

ఇంతకూ ఈ నీరంతా ఎక్కడిది? కొలరాడో రాష్ట్రంలో వానా మంచూ అధికంగా పడేది పర్వతాల పడమట, జనం అధికంగా ఉండేది తూర్పున. ఆ వ్యత్యాసాన్ని సొరంగాలు పూడ్చాయి. 1936 నుండి, రైలు కోసం తొలిచిన మఫాట్ సొరంగం పక్కనే ఉన్న చిన్న సొరంగం గుండా పడమటి నీరు తూర్పుకు రావడం మొదలైంది. 1962లో పర్వతశ్రేణి అడుగున 23 మైళ్ల పొడవున రాబర్ట్స్ సొరంగం పూర్తయింది. మరుసటి ఏడు బ్లూ నది మీద డిల్లన్ జలాశయం సిద్ధమైంది. దానికోసం డిల్లన్ అనే చిన్న ఊరిని ఇళ్లూ శ్మశానమూ సహా మరోచోటికి తరలించవలసి వచ్చింది. బ్లూ నది కొలరాడో నదికి ఉపనది. ఏడు రాష్ట్రాలలోనూ, మెక్సికోలోనూ దాదాపు నాలుగు కోట్ల మంది ఆధారపడిన ఆ మహానది 1960ల తరువాత చాలా సంవత్సరాలలో సముద్రాన్ని చేరనే లేదు. డెన్వర్‌లో ఒంటిగా కట్టిన ఇళ్లకు అందే నీటిలో సుమారు సగం ఇంటి బయటనే, అధికభాగం పచ్చిక మీదనే ఖర్చవుతుందని అక్కడి నీటి సంస్థ లెక్క. న్యాయంగా చెప్పవలసివస్తే, రాష్ట్రం వాడే నీటిలో అత్యధిక భాగం పొలాలదే, నగరాల పచ్చికలది చిన్న వాటా. కాని పొలం పంట ఇస్తుంది. పచ్చిక ఇచ్చేది కోతపని.

మన లదాఖ్‌లోని లేహ్ కూడా ఎత్తైన, చలిగా పొడిగా ఉండే చోటే. అక్కడి వాన ఏడాదికి 100 మిల్లీమీటర్ల ప్రాంతం. కొండల మంచు కరిగి వచ్చే నీటిని చిన్న కాలువలతో పొలాలకు మళ్లిస్తారు. ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించడానికి గ్రామాలలో 'చుర్‌పోన్' అనే నీటి పెద్ద ఉంటాడు. ఆ నీటితో పచ్చబడేవి బార్లీ మళ్లు, పశువుల మేతకు పెంచే గడ్డి. రెండు చోట్లా మంచునీరు ఒకటే. దానిని ఏ పచ్చదనం మీద పోయవలెనన్న తీర్పు వేరు.

డెన్వర్‌లో ఆ తీర్పు మారడానికి ఒక తరం పట్టింది. నగరమూ శివార్లూ పెరుగుతున్న కొద్దీ దక్షిణ ప్లాట్ నది మీద టూ ఫోర్క్స్ అనే భారీ ఆనకట్ట కట్టాలని ప్రతిపాదన వచ్చింది. చేపలకు పేరుపడ్డ అందమైన లోయ ఒకటి అందులో మునిగిపోవలసి ఉండింది. లోయను ముంచి పచ్చికలు తడుపుదామా అని ప్రత్యర్థులు ప్రశ్నించారు. ఏళ్ల తరబడి వాదోపవాదాలు సాగాక 1990లో కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ ఆనకట్టను నిషేధించింది. ఉన్న నీటితోనే సరిపెట్టుకోవడం తప్పనిసరి అయింది.

దానికి కావలసిన మాట అప్పటికే పుట్టి ఉన్నది. 1981లో డెన్వర్ నీటి సంస్థ, గ్రీకులో 'పొడి' అన్న అర్థం గల పదాన్ని తీసుకుని, 'జెరిస్కేప్' అనే కొత్త పేరు తయారుచేసింది. తక్కువ నీటితో పెంచే తోట అని దాని భావం. చాలామంది దానిని 'జీరోస్కేప్' అని పలికి, ఇంటి ముందు గులకరాళ్లు పోసి ఊరుకోవడమేనని అర్థం చేసుకున్నారు. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం అది కాదు. పచ్చికను పూర్తిగా తీసివేయమని వారు అనలేదు. పిల్లలు ఆడుకునే చోట, మనుషులు కూర్చునే చోట ఉంచుకుని, ఎవరూ అడుగుపెట్టని వాలులోనూ, కాలిబాటకూ రోడ్డుకూ మధ్య పట్టీలోనూ తీసివేయమన్నారు. 2002లో వచ్చిన తీవ్రమైన కరవు ఈ బోధనకు బలం చేకూర్చింది. ఆ ఏడు ఊరంతా గోధుమరంగుకు తిరిగింది. తీరా చూస్తే, మూడు నాలుగు వారాలకొకసారి అరంగుళం నీరు అందిన బ్లూగ్రాస్ కూడా మొదలు చావకుండా నిద్రపోయి, చల్లబడ్డాక లేచే గడ్డి అని తెలిసివచ్చింది.

అప్పుడు జనం దృష్టి పాత గడ్డి మీదికి మళ్లింది. బైసన్ అనే అడవిదున్నలు కోట్ల సంఖ్యలో మేసిన బఫెలో గ్రాస్ ఆ మైదానాలకు స్వంతమైనది. మన గరికలాగే నేలమీద తీగలు సాచి అల్లుకుంటుంది. కోయకపోయినా ఆరు అంగుళాలకు మించి ఎదగడం అరుదు. బ్లూగ్రాస్ తాగే నీటిలో సగం కూడా దానికి అక్కరలేదు. దానికి తోడు బ్లూ గ్రామా అనే మరొక గడ్డి. దాని కంకులు కనురెప్ప వెంట్రుకలలా ఒకవైపుకు వాలి ఉంటాయి. 1987లో కొలరాడో దానిని రాష్ట్రపు గడ్డిగా ప్రకటించింది. తొలి వలసదారులు దున్ని పారవేసిన గడ్డికి వారి మునిమనుమలు పట్టాభిషేకం చేశారన్న మాట. ఈ రెండింటికీ లోపాలు లేకపోలేదు. మే మధ్యలో గాని పచ్చబడవు, తొలి మంచుకే పాలిపోతాయి, నీడలో పెరగవు. ఏడాదిలో ఏడు నెలలు గోధుమరంగు పచ్చికను చూడగలవారికే అవి తగును.

చూడలేనివారు కావలసినంతమంది ఉన్నారు. అమెరికాలో కొత్త కాలనీలలో చాలావాటికి గృహస్థుల సంఘాలు ఉంటాయి. పచ్చిక మాడితే హెచ్చరిక ఉత్తరం వస్తుంది, ఆ పైన జరిమానా. డెన్వర్ శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు కూడా ఈ ఉత్తరాల రుచి తెలియనిది కాదు. వేపచెట్టు కింద మట్టివాకిలిలో కళ్లాపి చల్లి ముగ్గుపెట్టిన ఇంటి నుండి వెళ్లినవారికి, వాకిట్లో గడ్డి ఎండితే నేరమవుతుందన్నది మొదట నమ్మశక్యం కాని సంగతి. 2023లో కొలరాడో శాసనసభ చేసిన చట్టం, విడివిడిగా కట్టిన ఇళ్ల ముందు తక్కువ నీటి తోటలను సంఘాలు అడ్డగించకుండా, కొన్ని నమూనాలనైనా ముందుగా అంగీకరించి ఉంచేటట్లు నిర్దేశించింది. 2024లో చేసిన మరొక చట్టం ప్రకారం 2026 జనవరి నుండి, వాణిజ్య భవనాల ముందూ, సంస్థల ఆవరణలలోనూ, రోడ్ల నడిమి పట్టీలలోనూ ఎవరికీ పనికిరాని, నీరు అధికంగా తాగే పచ్చికను కొత్తగా వేయడం కుదరదు. ఇళ్ల పచ్చికల జోలికి ఆ చట్టం పోలేదు. అక్కడ నిర్ణయం ఇంటివారిదే.

ఫిబ్రవరి మధ్యాహ్నం మూడు కావచ్చింది. గొట్టం పట్టుకున్న గృహస్థుడు దక్షిణపు వాలు తడపడం ముగించాడు. ఇంటి వెనుక, నీడలో ఉన్న ముక్కకు ఆయన నీరు పెట్టలేదు. అక్కడ మంచు ఉన్నది, అది చాలు. కుళాయి కట్టి, గొట్టాన్ని కుళాయి నుండి విడదీశాడు. దానిని భుజానికెత్తుకుని ఒక కొస నుండి రెండవ కొసకు నడుస్తూ లోపలి నీరంతా కార్చివేశాడు. మరచిపోయి తగిలించి ఉంచితే రాత్రికి నీరు గడ్డకట్టి గోడలోని గొట్టం పగులుతుంది. చుట్టచుట్టి గరాజులో పెట్టి తలుపు వేశాడు. అప్పటికే నీడలు పొడవుగా సాగుతున్నాయి.